నీళ్ళలో బర్రె, రంగు కింద కారు

సంక్రాంతి సెలవులకు తిరువూరు వెళ్ళి, మా బావ కొత్తగా కొన్న పాత కారెక్కి ఊరంతా తిరిగి వచ్చాను. "కొత్తగా కొన్న పాత కారు" అనడంలో వైరుధ్యమేమీ లేదు. మధ్యతరగతి ఇళ్ళలో కొత్తదనమంతా కొనడంలోనే ఉంటుంది, వస్తువులో ఉండదు. విజయవాడలో ఒక పెద్ద షోరూములో 5,40,000 రూపాయలకు కొన్నాడు. నూరు పైచిలుకు అంశాలు తనిఖీ చేసి ముద్ర వేసిన కారట. తనిఖీ పత్రాన్ని పెళ్ళి శుభలేఖలా భద్రపరిచాడు. అందులో "ప్రమాద చరిత్ర లేదు" అన్న గడిలో టిక్కు ఉంది. "బాడీ, రంగు" అన్న గడిలో "బాగుంది" అని ఉంది.

పండుగ మరునాడు గేటు గీసుకుని తలుపు మీద చిన్న గీత పడింది. రోడ్డు పక్కన టింకరింగు షెడ్డుకు తీసుకువెళ్ళాం. మేస్త్రి గీతను చూడనే లేదు. ఎడమవైపు ముందు తలుపును వేలి కణుపుతో తట్టాడు, తరువాత కుడివైపు తలుపును తట్టాడు. మొదటిది మట్టికుండలా, రెండవది రేకు డబ్బాలా పలికింది. జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి ఆనించాడు. కుడివైపు టక్కున అంటుకున్నది, ఎడమవైపు జారి కింద పడింది. రబ్బరు బీడింగు కొంచెం ఎత్తి, దాని అంచున ఎండిపోయిన రంగు తుంపరలు చూపించాడు. "ఇది కంపెనీ రంగు కాదండీ. రెండు తలుపులూ నొక్కుకుపోతే పుట్టీ పట్టి మళ్ళీ కొట్టారు. పనివాడు మంచోడే, తెలియకుండా కొట్టాడు" అన్నాడు. తోటి పనివాడి నేర్పును మెచ్చుకోవడంలో ఆయనకు మా బావ ముఖం కనిపించినట్టు లేదు.

ఇంటికి వచ్చి సంగతి చెబితే మా అత్తయ్య, "నీళ్ళలో బర్రెను బేరమాడి వచ్చారన్నమాట" అని ఒక్క మాట అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

షోరూముకు ఫోను చేస్తే, హామీ ఇంజనుకూ గేర్లకే గాని పైమెరుగులకు కాదన్నారు. వాపసు గడువు ఐదు రోజులే, మీరు కొని మూడు నెలలైంది, పైగా కొనేముందు మీరే వచ్చి చూసుకున్నారు కదా అని కూడా అన్నారు. "నువ్వు పాత పుస్తకాలన్నీ చదువుతావు గదా బావా, దీనికేదన్నా దారుందా?" అని అడిగాడు బావ. ఆ వెంటనే గొంతు తగ్గించి, "లేకపోతే సత్తుపల్లి కుర్రాడొకడు అడుగుతున్నాడు, ఇచ్చేస్తాను" అన్నాడు. ఆ కుర్రవాడు బావ దగ్గర ట్యూషను చదువుకున్నవాడు, తొలి ఉద్యోగంలో చేరాడు. రంగు సంగతి అతనికి చెబుతావా అని నేను అడగలేదు. అడగనక్కరలేదని ఇద్దరికీ తెలుసు. ఆ రాత్రి నుంచి ఈ వ్యవహారం నన్ను పట్టుకుంది. కొనేవాడి కళ్ళదా బాధ్యత, అమ్మేవాడి నోటిదా? ఈ ప్రశ్న కారుకంటే ఎంతో పాతది.

అత్తయ్య చెప్పిన సామెతలోనే సగం ధర్మశాస్త్రం ఉంది. నీళ్ళలో పడుకున్న బర్రెకు కాళ్ళు కనిపించవు, పొదుగు కనిపించదు, కుంటిదో ఎండినదో తెలియదు. అటువంటి బేరం చేసినవాడిని సామెత జాలిపడి ఓదార్చదు, వెక్కిరిస్తుంది. పశువుల బేరంలో కొనేవాడు చూసుకోవలసిందే అన్నది మన పల్లెల మొదటి సూత్రం. అందుకే పళ్ళు పట్టి వయసు చూసేవారు, సుళ్ళు వెతికేవారు, తోక లాగి చూసేవారు, నాలుగడుగులు నడిపించేవారు. ధర మాత్రం తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకునేవారు. ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. పశువును పదిమంది ముందు బాహాటంగా చూసేవారు, ధరను దాచేవారు. మన షోరూములలో ధర అద్దం మీద పెద్ద అక్షరాలలో ఉంటుంది, దాగేది పశువే.

అయితే ఈ సూత్రానికి పల్లెలోనే విరుగుడు ఉండేది. మా తాతగారు ఎద్దును కొంటే మొదట నాలుగు రోజులు కాడికి కట్టి దున్నించి చూసేవారట. చాలులో పడుకునే ఎద్దైతే తిరిగి తోలుకుపోయి అప్పజెప్పడమే. దీనికి పత్రం లేదు, ముద్ర లేదు, మధ్యవర్తి మాటే పూచీ. సంతలో కళ్ళకు కనిపించే తప్పు కొన్నవాడిది, కాడి కట్టితేగాని బయటపడని తప్పు అమ్మినవాడిది. ఇదీ ఆ లెక్క.

ఇదేదో పల్లెటూరి పెద్దల తెలివి మాత్రమే కాదు. మన స్మృతులు వివాదాలను పద్దెనిమిదిగా విభజించి, వాటిలో ఒకదానికి "క్రయవిక్రయానుశయం" అని పేరుపెట్టాయి. అనుశయమంటే పశ్చాత్తాపం. కొన్నందుకో అమ్మినందుకో మనసు మారడం న్యాయస్థానంలో ఒక వ్యవహారమై కూర్చుంది! అమ్మినవాడూ కొన్నవాడూ కూడా పది రోజులలోగా మనసు మార్చుకోవచ్చునన్నది మనువు మాట. నారదుడు మరింత లెక్క మనిషి. కొన్ననాడే తిరిగి ఇస్తే నష్టమేమీ లేదు, రెండవనాడు ఇస్తే ధరలో ముప్ఫయ్యవ వంతు వదులుకోవాలి, మూడవనాడు దానికి రెట్టింపు, ఆపైన వస్తువు కొన్నవాడిదే.

యాజ్ఞవల్క్యుడి దగ్గరకు వచ్చేసరికి వస్తువు స్వభావాన్ని బట్టి పరీక్షకు గడువు ఏర్పడింది. విత్తనాలకు పది రోజులు, ఇనుముకు ఒకరోజు, రత్నాలకు ఏడు రోజులు, పాడి పశువుకు మూడు రోజులు, బరువు మోసే పశువుకు ఐదు రోజులు. (అదే జాబితాలో మనుషులను కూడా కొనుగోలు వస్తువులుగా చేర్చి దాసీకి నెల, దాసుడికి పక్షం అని గడువులు పెట్టారు. పాత పుస్తకాలను మెచ్చుకుంటూ చదువుతున్నప్పుడు ఇటువంటి చోట ఆగి తల దించుకోక తప్పదు.) విత్తనానికి పది రోజులెందుకు? మొలకెత్తాలి గనుక. పాడి పశువుకు మూడు రోజులెందుకు? నాలుగు పూటలు పిండితేగాని పాల సంగతి తేలదు గనుక. లోపం బయటపడడానికి ఎంతకాలం పడుతుందో అదే గడువు, అంతకుమించి అమ్మినవాడిని వేధించరాదు. బరువు మోసే పశువుకు యాజ్ఞవల్క్యుడు వాడిన మాట "వాహ్యం". మన "వాహనం" పుట్టిన ధాతువు నుంచే అదీ పుట్టింది. బావకు షోరూమువారు ఇచ్చిన వాపసు గడువు ఐదు రోజులేనని ముందే చెప్పాను. వారిలో ఎవరో స్మృతులు చదివినవారున్నట్టున్నారు!

కాని ఈ గడువులన్నీ ఇద్దరికీ లోపం తెలియని సందర్భానికి. తెలిసి దాచినవాడికి శాస్త్రం వేరుగా ఉంది. చెడ్డ వస్తువును మంచి వస్తువని అమ్మినవాడికి ధరకు రెట్టింపు దండన అన్నాడు యాజ్ఞవల్క్యుడు. మంచిది చూపించి చెడ్డది అంటగట్టినవాడు కొన్నవాడికి రెట్టింపు ధర ఇచ్చి, అంతే మొత్తం రాజుకు కూడా కట్టాలన్నాడు నారదుడు.

ఇక మన పాత కారుకు నేరుగా తగిలే మాట కూడా నారదుడిలోనే ఉంది. కట్టి, నలిగి, మాసిన బట్టను ఆ స్థితిలోనే చూసి కొన్నవాడు అందులో దోషం ఉన్నా సరే అమ్మినవాడికి తిరిగి అంటగట్టరాదు. షోరూము వకీలుకు ఇంతకంటే మంచి ప్రమాణం దొరకదు. పాతదని తెలిసే కొన్నావు, పాతదానికి మరకలుండవా అంటాడాయన. మరి మాసిన బట్టను ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, చిరుగు కనిపించకుండా మడతపెట్టి, పైన "చిరుగు లేదు" అని చీటీ అంటిస్తే? అప్పుడది మాసినట్టు కనబడే బట్ట కాదు. అటువంటప్పుడు మొదటి శ్లోకం చెల్లదు, మంచిది చూపి చెడ్డది అంటగట్టిన శ్లోకమే చెల్లుతుందని నా అభిప్రాయం. పండితులు కాదంటే దిద్దుకుంటాను.

యాజ్ఞవల్క్యస్మృతికి కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర. ఇంగ్లీషువారి కోర్టులు కూడా వారసత్వ వ్యాజ్యాలలో ఆ గ్రంథాన్నే పట్టుకున్నాయి. దాన్ని పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన "విజ్ఞానేశ్వరము" పేరిట తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిచ్చిన కేతనే ఈయన. వ్యాకరణమూ ధర్మశాస్త్రమూ రెండూ తెలుగువాడికి తెలుగులో అందాలనుకున్న మనిషి. ఈనాడు కొనుగోలు ఒప్పందం ఒక్కటైనా తెలుగులో చేతికి రాదు. మా బావ సంతకం చేసిన పన్నెండు పుటల పత్రం చదవడానికి నాకు ఒక పూట పట్టింది. పదకొండవ పుటలో, చీమ తలకాయంత అక్షరాలలో, "ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట దొరికింది.

ఆ మాట మన దేశపుది కాదు. దాని పుట్టుక చూడాలంటే ఇంగ్లండుకు వెళ్ళాలి.

1603లో లండనులో ఒక కంసాలి విషానికి విరుగుడని పేరుపడిన బెజోర్ రాయిని నూరు పౌండ్లకు అమ్మాడు. అది అసలుది కాదని తేలింది. కొన్నవాడు కోర్టుకెక్కితే, అమ్మినవాడు అది బెజోర్ అని అన్నాడే గాని పూచీ పడతానని అనలేదు కదా అని న్యాయమూర్తులు కొట్టివేశారు. చాండెలర్, లోపస్‌ల వ్యాజ్యంగా దానికి న్యాయశాస్త్రంలో పెద్ద పేరు. ఆ తరువాత మూడు వందల ఏళ్ళ ఇంగ్లీషు వ్యాపార న్యాయమంతా "కొనేవాడా, జాగ్రత్త" అన్న లాటిను హెచ్చరిక చుట్టూ తిరిగింది. 1878లో పందుల వ్యాజ్యంలో ఇది పరాకాష్ఠకు చేరింది. న్యూబరీ సంతలో ఒకాయన జ్వరం తగిలిన పందులను "అన్ని లోపాలతో సహా" అన్న షరతు మీద అమ్మాడు. రోగం సంగతి ఆయనకు తెలుసు. కొన్నవాడి పందులు చచ్చాయి, వాటినుంచి రోగం తగిలి వేరేవీ పోయాయి. అయినా హౌస్ ఆఫ్ లార్డ్స్, షరతు ముందే చెప్పాడు గనుక మోసం లేదన్నది.

ఈ వాతావరణంలోంచే మన 1872 కాంట్రాక్టు చట్టం వచ్చింది. ఆనాటి వైస్రాయి మండలిలో న్యాయసభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ చేతుల మీదుగా రూపొంది, ఆ సంవత్సరం సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న తిరువూరుకూ వర్తించింది, ఇప్పటికీ వర్తిస్తోంది. చట్టమంటే పొడిపొడిగా ఉంటుందనుకునేవారు దీని 17వ సెక్షను చదవాలి. మోసమంటే ఏమిటో చెప్పి, కింద ఉదాహరణలుగా ఒక గుర్రం కథ చెబుతుంది. ఒకడు వేలంలో గుర్రాన్ని అమ్ముతాడు. దానికి రోగముందని తెలుసు, కాని ఏమీ మాట్లాడడు. ఇది మోసం కాదు. కొనేది యుక్తవయస్సు అప్పుడే వచ్చిన అతని కూతురే అనుకుందాం. అప్పుడు ఆ బంధుత్వాన్నిబట్టి చెప్పి తీరవలసిన బాధ్యత అతని మీద పడుతుంది. మూడవ ఉదాహరణ ఇంకా ముచ్చటైనది. కొనేవాడు, "నీవు కాదనకపోతే గుర్రం బాగున్నదనే అనుకుంటాను" అంటాడు. అమ్మేవాడు మౌనంగా ఉంటాడు. ఆ మౌనం మాటతో సమానం!

నూట యాభై ఏళ్ళనాటి ఈ మూడు బుల్లి కథలను నేను బావకు చదివి వినిపించాను. మొదటి కథకు తల ఊపాడు. రెండవ కథకు ఊపలేదు.

ఇందులో కొన్నవాడికి ఒక ఉచ్చు ఉంది. అదే చట్టం 19వ సెక్షను ప్రకారం, మోసపోయినవాడు ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కాని ఆ మోసం కేవలం మౌనం వల్ల జరిగినదైతే, మామూలు జాగ్రత్తతో నిజం కనుక్కోగల వీలు కొన్నవాడికి ఉండి ఉంటే, రద్దు హక్కు పోతుంది. అంటే మళ్ళీ బర్రె నీళ్ళలోకే. షోరూమువారు "మీరే వచ్చి చూసుకున్నారు కదా" అన్నది ఇందుకే. అయితే ఈ మినహాయింపు మౌనానికీ అమాయకంగా చెప్పిన తప్పుమాటకూ వర్తిస్తుందే గాని, తెలిసి నోటితో చెప్పిన, కాగితం మీద టిక్కు పెట్టిన అబద్ధానికి వర్తించదు. కాబట్టి బావ చేతిలో ఉన్న బలమంతా ఆ ఒక్క గడిలో ఉన్నది. ఆ పత్రమే లేకుండా పక్కింటివారి దగ్గర కొని ఉంటే, రంగు సంగతి వారు చెప్పకపోయినా చట్టం పెద్దగా కదిలేది కాదు.

సరుకుల అమ్మకాలకు 1930లో వేరే చట్టం వచ్చింది. అందులో 16వ సెక్షను వ్యాపారి అమ్మే సరుకు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్నది. ఆ వెంటనే, కొనేవాడు పరీక్షించి ఉంటే ఆ పరీక్షలో తేలవలసిన లోపాలకు ఈ రక్షణ లేదనీ చెప్పింది. ఈ అధ్యాహారపు షరతులను ఇరుపక్షాలూ ఒప్పుకుని తొలగించుకోవచ్చునని 62వ సెక్షను. పదకొండవ పుటలోని చీమ తలకాయ అక్షరాల మూలం ఇదే. అయినా 59వ సెక్షను ఒక మంచిపని చేసింది. హామీ తప్పిన సరుకును తిరిగి ఇవ్వలేకపోయినా, హామీ నిజమై ఉంటే ఎంత విలువో, ఉన్నది ఎంత విలువో, ఆ తేడాను రాబట్టుకోవచ్చు. పైమెరుగు దెబ్బలకు నిజంగా పనికివచ్చేది ఈ దారే. తలుపుకు పుట్టీ ఉన్నంత మాత్రాన కారు నడవక మానదు. మొత్తం డబ్బు వెనక్కి ఇమ్మంటే ఏ న్యాయాధికారైనా కనుబొమ్మలు ఎగరేస్తాడు. తేడా ఇమ్మంటే వింటాడు.

తేడా ఎంతో తేల్చడమే కష్టం. ఈ విషయంలో లోకమంతటా పేరుపడ్డ వ్యాజ్యం అమెరికాలో అలబామా రాష్ట్రానిది. ఐరా గోర్ అనే వైద్యుడు 1990లో 40,750 డాలర్లకు బీఎండబ్ల్యూ కారు కొన్నాడు, కొత్తదనే కొన్నాడు. తొమ్మిది నెలల తరువాత మరింత మెరుగు పట్టించుకుందామని తీసుకువెళితే, అక్కడి పనివాడు ఇది ఒకసారి రంగు వేసిన కారని చెప్పాడు. (మన మేస్త్రి వంటివారు అన్ని దేశాలలోనూ ఉన్నారన్నమాట.) రవాణాలో ఆమ్లవర్షం తగిలి రంగు చెడితే కంపెనీ తిరిగి వేయించి, ఎవరికీ చెప్పకుండా అమ్మింది. ఖర్చు 601 డాలర్లు. మరమ్మతు ఖర్చు ధరలో మూడు శాతానికి మించకపోతే చెప్పనక్కరలేదన్నది కంపెనీ విధానం. జూరీ విలువలో తేడా కింద 4,000 డాలర్లు, శిక్షగా నలభై లక్షల డాలర్లు విధించింది! రాష్ట్ర సుప్రీంకోర్టు శిక్షను సగానికి తగ్గించింది. 1996 మే 20న అమెరికా సుప్రీంకోర్టు ఐదుగురు నలుగురుగా చీలి, అదీ మితిమీరినదేనని కొట్టివేసింది. చివరికి యాభైవేలకు దిగింది. లక్షలు ఎగిరిపోయినా ఆ 4,000 మాత్రం నిలిచింది. కొత్త కారుకు ఒకసారి రంగు వేస్తే పదోవంతు విలువ తగ్గుతుందన్న లెక్క మీద నిలబడ్డ అంకె అది.

మన దేశంలో తూకం అసలు మారింది 1986 వినియోగదారుల రక్షణ చట్టంతో. అంతకుముందు ఈ వ్యాజ్యానికి మునసబు కోర్టుకు వెళ్ళి, స్టాంపు రుసుము కట్టి, వకీలును పెట్టుకుని, వాయిదాల మీద వాయిదాలు తిరగాలి. రెండు తలుపుల రంగు కోసం ఎవరు తిరుగుతారు? చిన్న మోసాలకు అదే అసలు రక్ష. కొత్త చట్టం వకీలు లేకుండా సామాన్యుడే వచ్చి చెప్పుకునే వేదికలు పెట్టింది. దాని స్థానంలో 2020 జూలై 20 నుంచి అమలైన 2019 చట్టం మరో రెండు మేళ్ళు చేసింది. కొన్నవాడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. కావలసిన సమాచారాన్ని బుద్ధిపూర్వకంగా దాచడం సేవాలోపం కిందికి వస్తుందని చట్టం తన నిర్వచనంలోనే రాసింది. 1872లో గుర్రం పక్కన నిలబడి మౌనంగా ఉన్నవాడిని ఈ వాక్యం చివరికి పట్టుకున్నదని నాకు అనిపించింది. అందరినీ కాదు, సేవ పేరిట డబ్బు పుచ్చుకున్నవాడిని.

తనిఖీ ముద్ర కథంతా ఇక్కడే ఉంది. మామూలు పాత కారుకూ ముద్ర ఉన్న పాత కారుకూ బజారులో ధర తేడా ఉంటుంది. ఆ తేడా కారుకు కాదు, కళ్ళకు. మీరు చూడలేనిది మేము చూశాం, మా చూపును కొనుక్కోండి అని షోరూము అమ్ముతోంది. తన చూపును అమ్ముకున్నవాడు మళ్ళీ "నీవెందుకు చూసుకోలేదు" అనడం చెల్లదు. పల్లెలో కాడి కట్టి చూసే నాలుగు రోజులను వీరు ముందే డబ్బు పుచ్చుకుని మన తరఫున గడిపామన్నారు కదా.

బాధ్యత ఎవరిదన్నదీ తేల్చుకోవాలి. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చిన గోవా వ్యాజ్యం ఒకటుంది. ఆంటోనియో పాలో వాజ్ అనే ఆయనకు 2011 మోడలని అమ్మిన కారు 2009 నాటిది. 622 కిలోమీటర్లు తిరిగినది, అడుగున తుప్పూ గీతలూ ఉన్నవి. కింది కమిషన్లు డీలరుతోపాటు తయారీదారు టాటా మోటార్స్‌ను కూడా బాధ్యులను చేశాయి. డీలరు ఏజెంటు కాదు, కొని అమ్ముకునే స్వతంత్ర వ్యాపారి, తయారీదారుకు తెలుసునన్న ఆరోపణగాని రుజువుగాని లేదు అని సుప్రీంకోర్టు కంపెనీని విడిచిపెట్టింది, డీలరు బాధ్యత నిలిచింది. ఎవరి పేరున రసీదు ఉన్నదో వారినే ముందు పట్టుకోవాలన్నది అందులో మనకు పనికివచ్చే సంగతి. 2023 ఏప్రిల్ నుంచి పాత వాహనాల డీలర్లు రవాణాశాఖ దగ్గర అధికారపత్రం తీసుకోవాలన్న నిబంధనలు కూడా వచ్చాయి. అవి పత్రాల సంగతి చూసేవే గాని తలుపుల సంగతి చూసేవి కావు. పోలీసులకు చెప్పవచ్చునా అంటే చెప్పవచ్చు. కాని మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపాలి, స్టేషనులో "ఇది సివిలు వ్యవహారం" అన్న మాట వినడానికి సిద్ధపడి వెళ్ళాలి.

అందుచేత బావకు నేను చెప్పిన దారి ఇది. మేస్త్రి చేత గీత బాగుచేయించవద్దు, తలుపును అలాగే ఉంచు. రంగు మందం కొలిచే మీటరుతో రెండు వైపులా అంకెలు తీయించి రాయించుకో. కంపెనీ సర్వీసు కేంద్రంలో బండి నంబరు మీద పాత మరమ్మతుల పట్టీ అడుగు, ఇన్సూరెన్సు కంపెనీని పాత క్లెయిముల సంగతి అడుగు. షోరూముకు ఫోను కాదు, ఉత్తరం రాయి, రిజిస్టరు పోస్టులో పంపు. పదిహేను రోజులు చూసి విజయవాడలో జిల్లా కమిషనుకు వెళ్ళు. నీవు ఇచ్చిన ధర ఐదు లక్షలు దాటి పది లక్షలలోపు గనుక రుసుము 200 రూపాయలు. రెండేళ్ళ గడువుంది. అడగవలసింది తేడా, ఖర్చులు, కొంత మనోవేదన. కారు మార్చమని అడగవద్దు.

ఇంకొకటి చెప్పవలసి వచ్చింది. వ్యాజ్యం నడుస్తుండగా కారు అమ్మేస్తే ఫిర్యాదుదారు ఇక వినియోగదారు కాడని జాతీయ కమిషను కొన్ని తీర్పులలో అన్నది. అంటే సత్తుపల్లి కుర్రవాడికి అమ్మితే ఈ దారి మూసుకుపోతుంది. బావ చాలాసేపు మాట్లాడలేదు. "పక్కింటివాడు చెప్పకపోతే మోసం కాదన్నావు గదా?" అన్నాడు చివరికి. అన్నాను. చట్టంలో ఉన్నది అదే.

ఆ కుర్రవాడు ఆదివారం ఉదయం బస్సు దిగి వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు, అద్దంలో జుట్టు సర్దుకున్నాడు, బానెట్టు ఎత్తి ఏమీ తెలియకపోయినా తెలిసినట్టు చూశాడు. తువ్వాలు లేదు గాని బేరం దాదాపు కుదిరింది. అప్పుడు అతను, "మాస్టారూ, మీరు వాడిన బండి గనుక నేనిక ఎవరికీ చూపించనండీ. అంతా బాగున్నట్టే గదా?" అన్నాడు. నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. స్టీఫెను మహాశయుడి రెండవ కథా మూడవ కథా కలిసి మా వాకిట్లో వేపచెట్టు కింద నిలబడ్డాయి.

బావ జవాబు చెప్పలేదు. ఎడమవైపుకు వెళ్ళి ముందు తలుపును వేలి కణుపుతో తట్టాడు. తరువాత కుడివైపుకు వచ్చి అలాగే తట్టాడు. "విన్నావా?" అన్నాడు.

కుర్రవాడు కొనలేదు. అత్తయ్య చేతి పెసరట్టు తిని పదకొండు గంటల బస్సుకు వెళ్ళిపోయాడు. కారు వేపచెట్టు కిందే ఉంది. ఉత్తరం సోమవారం రిజిస్టరు చేశాం, తెలుగులోనే రాశాం.